వర్డా, గూగుల్ డాక్సా, లిబ్రే ఆఫీసా? నలుగురు దిద్దే ఫైలుకి ఏది మేలు

పోయిన వేసవిలో ఒకే నవల నా మెయిల్‌లోకి ఏడు ఫైళ్ళుగా వచ్చి కూర్చుంది. రాసింది బాపట్లలో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయన ఒక కాపీ దిద్దుతుంటే డల్లాస్‌లో ఉన్న వాళ్ళమ్మాయి ఇంకో కాపీ దిద్దింది, నేను హైదరాబాద్‌లో కూర్చుని మూడోది దిద్దాను. ఆ ఫైళ్ళ పేర్లు చూడాలి: 'నవల ఫైనల్', 'నవల ఫైనల్ 2', 'నవల ఫైనల్ కరెక్షన్స్‌తో', 'నవల ఇదే ఫైనల్'. ఆ తర్వాత మాస్టారు వాట్సాప్‌లో పంపిన ఫైలుకి పేరే లేదు, కింద 'కొత్తది ఇదే, ఇది వాడమ్మా' అని మెసేజ్ మాత్రం ఉంది. ఏది నిజంగా కొత్తదో తేల్చడానికి రెండు రోజులు పట్టింది, అందులో ఒక పూటంతా ఫోన్లోనే. "పదకొండో అధ్యాయంలో సుభద్ర ఉత్తరం తీసేశాను కదమ్మా" అని ఆయన, "నేనే మళ్ళీ పెట్టాను నాన్నా, అది లేకపోతే కథేముంది" అని అవతల ఆవిడ, మధ్యలో నేను.

పుస్తకాలు, థీసిస్‌లు, సంఘాల సావనీర్లు దిద్దడమే నా పని కాబట్టి 'ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ' అని నన్ను తరచూ అడుగుతుంటారు. అసలు ముందు అడగాల్సింది అది కాదని నాకు అనిపిస్తుంది. ఈ ఫైలు విషయంలో చివరి మాట ఎవరిది? దీన్ని కాపాడుకోవాల్సింది పొరపాట్ల నుంచా, మనుషుల నుంచా? ఈ రెండూ తేలితే సాఫ్ట్‌వేర్ దానంతటదే తేలిపోతుంది. తేలకపోతే మాత్రం ఎంత ఖరీదైనది కొన్నా 'ఇదే ఫైనల్ 3' తప్పదు.

వర్డ్ సంగతి

చివరి మాట ఒక్కరిదే అయితే, అంటే మిగతావాళ్ళు సూచిస్తారు, ఒకరు ఒప్పుకుంటారు లేదా కొట్టేస్తారు అన్న పద్ధతి అయితే వర్డ్‌ని మించింది నాకు కనిపించలేదు. రివ్యూ ట్యాబ్‌లో 'ట్రాక్ ఛేంజెస్' నొక్కితే (కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఇ) అక్కణ్ణుంచి మీరు తీసిన ప్రతి మాటా కొట్టివేతతో, చేర్చిన ప్రతి మాటా రంగుతో కనిపిస్తుంది. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో కూడా ఉంటుంది. రచయిత ఒక్కోదాని మీద ఆగి 'యాక్సెప్ట్' లేదా 'రిజెక్ట్' కొట్టుకుంటూ పోవచ్చు. ఎర్ర పెన్నుతో దిద్దిన ప్రూఫుకి దగ్గరగా ఉంటుంది కాబట్టే పాతకాలం రచయితలకి కూడా ఇది తొందరగా అర్థమవుతుంది.

ఇక్కడ మనవాళ్ళందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. పైన 'సింపుల్ మార్కప్' అని ఉంటే మార్పులు కనిపించవు, పక్కన మార్జిన్‌లో చిన్న గీత మాత్రం ఉంటుంది. 'నో మార్కప్' పెడితే ఆ గీత కూడా ఉండదు. దాంతో ఫైలు శుభ్రంగా ఉందనుకుంటారు. లేదు, మార్పులన్నీ లోపలే ఉన్నాయి, మీరు చూడటం లేదంతే. ఒక సావనీర్ విషయంలో నాకిది అనుభవం. ప్రూఫ్ కాపీ ప్రింటు తీసుకొమ్మని ప్రెస్సుకి ఫైలు పంపాం, ప్రింటులో పేజీల పక్కన కామెంట్లు కూడా వచ్చేశాయి. ఒక పెద్దాయన వ్యాసం పక్కన 'ఈ పేరా ఆయనకైనా అర్థమైందా?' అని నేను రాసుకున్నది చక్కగా బుడగలో అచ్చయింది. ఫైల్లో కామెంట్లుంటే వర్డ్ మామూలుగా వాటిని కూడా ప్రింటు చేస్తుంది, ప్రింట్ సెట్టింగుల్లో 'ప్రింట్ మార్కప్' తీసేయాల్సింది మనమే. అదృష్టం కొద్దీ ఆ ప్రూఫు కమిటీ దాకా వెళ్ళలేదు.

ఇంకో చిన్న సంగతి, చిన్నదే కానీ గంటలు తినేస్తుంది. మార్పు చేసినవాళ్ళ పేరు వర్డ్ ఎక్కణ్ణుంచి తీసుకుంటుందంటే, ఫైల్, ఆప్షన్స్, జనరల్‌లో ఉన్న యూజర్ నేమ్ నుంచి, లేదా లాగిన్ అయిన ఖాతా నుంచి. డీటీపీ సెంటర్లో, నెట్ సెంటర్లో కూర్చుని దిద్దితే అది 'అడ్మిన్' అనో, ల్యాప్‌టాప్ కంపెనీ పేరో ఉంటుంది. ముగ్గురు దిద్దిన ఫైల్లో ముగ్గురూ 'అడ్మిన్' అయితే ఎవరి మాట ఏదో తేల్చేదెవరు? దిద్దడం మొదలుపెట్టే ముందు అర నిమిషం ఆగి ఆ పేరు మార్చుకోండి.

ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేయడం మర్చిపోయి దిద్దేసి పంపేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళ కోసం 'కంపేర్' ఉంది. పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ చూపిస్తే తేడాలన్నీ మార్పులుగా గుర్తుపెట్టి మూడో ఫైలు తయారు చేసి ఇస్తుంది. దాని పక్కనే 'కంబైన్' అని ఉంటుంది, ఇద్దరు వేర్వేరుగా దిద్దిన కాపీలని ఒక్కటి చేస్తుంది. మాస్టారి ఏడు ఫైళ్ళని నేను చివరికి ఒక దారికి తెచ్చింది దీంతోనే, రెండేసి చొప్పున కలుపుకుంటూ. ఈ రెండింటి కోసమైనా వర్డ్ ఉంచుకోవచ్చంటాను.

వర్డ్‌లో కూడా అందరూ ఒకేసారి ఒకే ఫైలు మీద పని చేయొచ్చు, కాకపోతే ఫైలు మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వలో, అంటే వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉండాలి. బ్రౌజర్లో నడిచే వర్డ్ ఉచితమే, దాంతో పాటు 5 జీబీ చోటు కూడా ఇస్తారు. ఆఫీసులో అందరికీ మైక్రోసాఫ్ట్ ఖాతాలుంటే హాయిగా నడుస్తుంది. బయట రచయితలు, బంధువులు, సంఘం సభ్యులు అయితే ఒక్కొక్కరితో ఖాతా తెరిపించడానికే వారం పోతుంది.

గూగుల్ డాక్స్ సంగతి

చివరి మాట ఒక్కరిది కానప్పుడు, అంటే ఇరవై మంది తలా ఒక ముక్క రాసి, అందరూ అందరివీ చూసి, పది రోజుల్లో ముగించాల్సిన పని అయితే, ఆలోచించకుండా గూగుల్ డాక్స్. ఫైలు ఒక్కటే ఉంటుంది, లింకు ఒక్కటే ఉంటుంది, 'ఏది కొత్తది' అన్న ప్రశ్నే రాదు. జీమెయిల్ మన దగ్గర దాదాపు అందరి ఫోన్లోనూ ఉంటుంది కాబట్టి కొత్తగా నేర్పాల్సింది తక్కువ. 15 జీబీ ఉచితం, కాకపోతే అందులోనే మెయిళ్ళూ ఫోటోలూ కూడా ఇమడాలి.

దీనిలో మూడు రకాల అనుమతులుంటాయి: చూడటం వరకే, కామెంట్ చేయడం వరకు, పూర్తిగా ఎడిట్ చేయడం. నా అనుభవంలో అసలు కిటుకంతా మధ్యదానిలోనే ఉంది. 'కామెంటర్'గా పిలిస్తే వాళ్ళు టైపు చేసిందంతా సూచనగానే పడుతుంది, అసలు పాఠం చెక్కుచెదరదు, ఒప్పుకోవాలో వద్దో ఎడిటరే చెప్తారు. అంటే వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేయడం మర్చిపోయారన్న బెంగ ఇక్కడ ఉండదు. కానీ జరిగేదేమిటంటే, హడావుడిలో 'లింకు ఉన్న ఎవరైనా ఎడిటర్' అని పెట్టేసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. ఒక అపార్ట్‌మెంట్ సంఘం నియమావళి అలాగే పంచారు. బస్సులో వెళ్తూ ఫోన్లో చదువుతున్న ఒకాయన వేలు తగిలి పార్కింగ్ పేరా మొత్తం ఎగిరిపోయింది. రెండు రోజుల దాకా ఎవరూ చూడలేదు, చూశాక కావాలనే తీసేశారని గొడవ. ఫైల్ మెనూలో 'వెర్షన్ హిస్టరీ' తెరిస్తే ఏ రోజు ఏ సమయానికి ఎవరి ఖాతా నుంచి పోయిందో కనిపించింది, ఒక్క నొక్కుతో పాతది వెనక్కి తెచ్చుకున్నారు. లింకుతో వచ్చినవాళ్ళు గూగుల్ ఖాతాలోకి లాగిన్ కాకపోతే పేరు బదులు ఏదో జంతువు బొమ్మ కనిపిస్తుంది, అప్పుడు తేల్చడం కష్టం. కాబట్టి పేరుపేరునా మెయిలుకే పంపండి.

వెర్షన్ హిస్టరీలో ఇంకో మంచి అలవాటు చేసుకోవచ్చు. కమిటీ ఒప్పుకున్న రోజున ఆ వెర్షన్‌కి 'జనరల్ బాడీకి ముందు' అనో 'ప్రెస్సుకి పంపింది' అనో పేరు పెట్టుకోండి. తర్వాత వెతుక్కునేటప్పుడు ఎంత ప్రాణం లేచొస్తుందో చెప్పలేను.

దీని బలహీనత ఏమిటంటే, ఫైలు ఎవరి ఖాతాలో పుడితే వాళ్ళదే. విదేశంలోని ఒక తెలుగు సంఘానికి సావనీర్ చేస్తున్నప్పుడు మొత్తం ఫైళ్ళు కోశాధికారి ఆఫీసు ఖాతాలో ఉన్నాయి. ఆయన ఉద్యోగం మారారు, ఖాతా మూసేశారు, ఫైళ్ళు కూడా దాంతోనే పోయాయి. మాకు మిగిలింది ఎవరో సరదాకి దింపుకున్న ఒక పాత కాపీ. అప్పట్నుంచి నేను ఏ పనికైనా సంఘం పేరుతో విడిగా ఒక ఖాతా తెరిపించి, ఫైలు అందులోనే పుట్టేలా చూస్తున్నాను. వారానికోసారి వర్డ్ ఫార్మాట్లో దింపి పెట్టుకోవడం కూడా మానను.

పెద్ద పుస్తకానికి మాత్రం గూగుల్ డాక్స్ నాకు నచ్చదు. 400 పేజీల నవల్లో రెండు మూడు వేల సూచనలుంటే పేజీ కదలడానికే ఇబ్బంది పడుతుంది, ఫోన్లో అయితే చెప్పనక్కర్లేదు. అధ్యాయానికో ఫైలు చేస్తే నడుస్తుంది, కానీ ఒక పాత్ర పేరు పుస్తకమంతా మార్చాలంటే ముప్ఫై ఫైళ్ళు తెరవాలి.

లిబ్రే ఆఫీస్

డబ్బు పెట్టకూడదు, నెట్ లేకపోయినా పని ఆగకూడదు, ఫైలు ఎవరి సర్వర్‌లోనూ ఉండకూడదు అనుకునేవాళ్ళకి లిబ్రే ఆఫీస్ రైటర్ మంచి సాధనం. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడివడింది, పూర్తిగా ఉచితం, మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. మార్పులు నమోదు చేయడం, పోల్చి చూడటం, కామెంట్లు అన్నీ ఉన్నాయి. నమోదు ఆపకుండా, మార్పుల్ని ఎవరూ ఒప్పేసుకోకుండా పాస్‌వర్డ్ కూడా పెట్టొచ్చు.

మరి లోటేమిటి? అవతలివాళ్ళు వర్డ్ వాడుతుంటే ఫైలు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి పట్టికలు, పేజీ నంబర్లు, ఫుట్‌నోట్లు కొంచెం కొంచెం జరుగుతాయి. కథలకైతే పర్వాలేదు, పట్టికలు నిండిన థీసిస్‌కి టెన్షన్. కంప్యూటర్‌లో వేసుకున్న రైటర్‌లో గూగుల్ డాక్స్‌లా నలుగురు ఒకేసారి దిద్దడం కూడా కుదరదు. మీ బృందమంతా ఇదే వాడితే మాత్రం వేరేది చూడనక్కర్లేదు.

తెలుగుకి మాత్రమే ఉన్న తిప్పలు

పోలికలన్నీ ఇంగ్లీషు ఫైళ్ళని మనసులో పెట్టుకుని రాస్తారు, అందుకే మనకి అసలు కష్టం ఎక్కడొస్తుందో వాటిలో దొరకదు.

మొదటిది అను ఫాంట్లు. ఇప్పటికీ ఎన్నో డీటీపీ సెంటర్లలో పేజీలు అమర్చే పేజ్‌మేకర్, అను ఫాంట్లు జంటగా నడుస్తున్నాయి. అను ఫాంటులో టైపు చేసిన ఫైలు లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. అవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌లు, ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. గూగుల్ డాక్స్‌లో మన సొంత ఫాంటు ఎక్కించలేం కాబట్టి అక్కడ అను ఫైలు దిద్దడం ఆశే పెట్టుకోవద్దు. వెతకడం, పోల్చడం, ట్రాక్ ఛేంజెస్ ఏదీ దాని మీద సవ్యంగా సాగదు. కాబట్టి సమీక్ష అంతా యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) ఉండగానే ముగించి, అందరూ ఒప్పుకున్నాకే అనులోకి మార్పించండి. మార్చాక వచ్చే తప్పుల్ని కాగితం మీద ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో దిద్దడమే సుఖం. పేజ్‌మేకర్ లాంటిదే అయిన ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ నేరుగా వాడే ప్రెస్సు దొరికితే సగం బాధ తప్పినట్టే.

రెండోది గుణింతాల గొడవ. 'స్త్రి' అని ఉన్నచోట దీర్ఘం పెట్టాలనుకోండి. ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉండగా గుడి చెరిపి గుడిదీర్ఘం కొడితే, వర్డ్ దృష్టిలో కొట్టేసిన ముక్క ఒకటి, చేర్చిన ముక్క ఒకటి, అక్షరం మధ్యలో తెగిపోతుంది. తెర మీద చుక్కల సున్నా మీద గుణింతం వేలాడుతూ కనిపిస్తుంది. ఫైలు పాడైపోయిందని మాస్టారు నాకు రాత్రి పదింటికి ఫోన్ చేసింది దీనికే. ఏమీ పాడవదు, మార్పు ఒప్పుకోగానే అక్షరం మళ్ళీ అతుక్కుంటుంది. కానీ చదవడానికి నరకం. అందుకని నేను ఒక్క గుణింతం మార్చాలన్నా మాట మొత్తం చెరిపి మళ్ళీ కొడతాను. కంపేర్ వాడేటప్పుడు కూడా 'మోర్' నొక్కితే అక్షరం స్థాయిలో చూపించాలా, మాట స్థాయిలో చూపించాలా అని అడుగుతుంది, తెలుగుకి ఎప్పుడూ మాట స్థాయే ఉంచండి. ఫార్మాటింగ్ తేడాలు చూపించొద్దని టిక్ తీసేయండి, లేకపోతే ఫాంటు మారిన ప్రతి పేరా పక్కనా గుర్తు వస్తుంది.

మూడోది కంటికి కనిపించని తేడాలు. మాస్టారి రెండు ఫైళ్ళని పోలిస్తే వందల మాటలు మారినట్టు వచ్చాయి, 'డల్లాస్' తీసి 'డల్లాస్' పెట్టినట్టు! పదిసార్లు చూశాను, తేడా లేదు. ఒక కీబోర్డు పొల్లు తర్వాత కనిపించని గుర్తు ఒకటి చేరుస్తుంది, ఇంకోటి చేర్చదు. 'సాఫ్ట్‌వేర్'లో ట కింద వ వత్తు పడకుండా ఆపేది ఆ గుర్తే. మాట మధ్యలో దానికి పనుంది, మాట చివర లేదు. ఐత్వం కూడా కొన్ని చోట్ల ఒకే గుర్తుగా, కొన్ని చోట్ల రెండు ముక్కలుగా నిల్వ ఉంటుంది, చూడ్డానికి ఒక్కలాగే ఉంటుంది. వీటన్నిటికంటే తమాషా అయినది సున్నా. 'ం' కొట్టాల్సిన చోట తెలుగు అంకె '౦' కొట్టేవాళ్ళున్నారు. కంటికి రెండూ కవలలు, కంప్యూటర్‌కి మాత్రం ఒకటి అక్షరం, ఒకటి అంకె. వెతికితే ఆ మాట దొరకదు. ఫైలు ఎవరి దగ్గర్నుంచి వచ్చినా ముందు ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అంకెల సున్నాలు అక్షరాల సున్నాలుగా మార్చి, మాట చివరి ఆ గుర్తులు తీసేసి, ఆ తర్వాతే పోల్చడం మొదలుపెడతాను. మాస్టారి ఫైళ్ళలో అప్పుడు మిగిలిన నిజమైన తేడాలు నలభై ఒకటి.

గొళ్ళెం వేరు, తాళం వేరు

'ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టాం' అంటే చాలామంది తాళం వేశామనుకుంటారు. వర్డ్‌లో ఆ పేరుతో ఉన్నవాటిలో సగం గొళ్ళాలే.

'మార్క్ యాజ్ ఫైనల్' అంటే తలుపు దగ్గరగా వేసినట్టు. పైన పసుపు పట్టీ వస్తుంది, 'ఎడిట్ ఎనీవే' నొక్కితే పోతుంది. 'రిస్ట్రిక్ట్ ఎడిటింగ్' గొళ్ళెం. మార్పులు చేస్తే నమోదు కావాల్సిందే అనో, కామెంట్లు మాత్రమే పెట్టాలనో, ఫారాలు నింపడం వరకేననో, అసలు ఏమీ మార్చొద్దనో పెట్టొచ్చు, కొన్ని పేరాలకి మినహాయింపు కూడా ఇవ్వొచ్చు. పాస్‌వర్డ్ అడుగుతుంది కానీ అది ఫైలుని గుప్తపరచదు. చదవడానికి ఎవరికైనా తెరుచుకుంటుంది, అంతా ఎంచి కొత్త ఫైల్లో అతికించుకోవచ్చు, కాస్త తెలిసినవాళ్ళు ఆ అడ్డు తీసేయగలరు కూడా. అలాగని పనికిరాదనుకోకండి. పొరపాటున చేయి తగలకుండా ఉండటానికి ఇది చాలు. నేను రచయితలకి పంపే ప్రతి ఫైలుకీ 'మార్పులన్నీ నమోదు కావాలి' అన్న గొళ్ళెం వేసే పంపుతాను.

అసలు తాళం 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్'. ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ డాక్యుమెంట్‌లో ఉంటుంది. ఇది ఫైలుని ఏఈఎస్ అనే గట్టి పద్ధతిలో గుప్తపరుస్తుంది, పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు. మర్చిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తెరిచి ఇవ్వలేదు, నిజంగానే పోయినట్టే. లిబ్రే ఆఫీస్‌లో సేవ్ చేసేటప్పుడు 'పాస్‌వర్డ్‌తో సేవ్' టిక్ పెట్టినా ఇలాంటి తాళమే పడుతుంది. ఇలా తాళం వేసిన వర్డ్ ఫైలుని అందరూ ఒకేసారి దిద్దడం మాత్రం కుదరదు, తాళమా సందడా అన్నది మీరు తేల్చుకోవాలి.

తాళం ఎంత గట్టిదైనా తాళంచెవి గుమ్మం పక్కనే పెడితే ఏం లాభం? ఈ-ఆధార్ పీడీఎఫ్ సంగతి అందరికీ తెలుసు, పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మన పేరు, వయసు తెలిసినవాళ్ళకి అది తెరవడం ఎంతసేపు? మీ వీలునామా ముసాయిదాకో, వాటాల ఒప్పందానికో అలాంటి పాస్‌వర్డ్ పెట్టొద్దు. ఫైలు మెయిల్లో పంపి పాస్‌వర్డ్ అదే మెయిల్లో కింద రాయడం ఇంకో విడ్డూరం, ఫోన్ చేసి చెప్పండి.

గూగుల్ డాక్స్‌లో ఒక్కో ఫైలుకి విడిగా పాస్‌వర్డ్ ఉండదు. అక్కడ తాళం అంటే ఖాతాలే. ఇచ్చిన అనుమతి ఏ నిమిషంలోనైనా వెనక్కి తీసుకోవచ్చు, వర్డ్ ఫైలు ఒకసారి మెయిల్లో వెళ్ళిపోయాక ఆ వీలు ఉండదు. చూసేవాళ్ళు, కామెంటర్లు దింపుకోకుండా, ప్రింటు తీయకుండా, కాపీ చేయకుండా కూడా ఆపొచ్చు. స్క్రీన్‌షాట్ తీస్తే మాత్రం ఆపేదేమీ లేదు. షేర్ సెట్టింగుల్లో 'ఎడిటర్లు ఇంకొకరికి అనుమతి ఇవ్వొచ్చు' అని ముందే టిక్ పెట్టి ఉంటుంది, అది తీసేయడం మర్చిపోకండి.

పంపే ముందు లోపల ఏముందో చూడండి

ఫైలు ఎవరికో చేరాక ఇబ్బంది పెట్టేది చాలాసార్లు పాస్‌వర్డ్ లేకపోవడం కాదు, లోపల మిగిలిన చెత్త. లెబనాన్ మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్య మీద 2005 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి దర్యాప్తు నివేదిక వచ్చింది. దాని వర్డ్ ఫైలు ట్రాక్ ఛేంజెస్‌తో సహా విలేకరులకి చేరింది. నివేదికలోంచి తీసేసిన పేర్లు, అప్పటి సిరియా అధ్యక్షుడి తమ్ముడి పేరుతో సహా, అందరూ చదివేశారు. ప్రపంచం కళ్ళన్నీ ఉన్న ఫైలుకే అలా జరిగితే మన అగ్రిమెంట్ ముసాయిదా ఎంత? 'అద్దె 18 అడుగుదాం, 15కి దిగినా ఓకే' అని మీ బావగారు పెట్టిన కామెంట్ అద్దెకొచ్చేవాళ్ళు చదివితే బేరం అక్కడితో సరి.

బయటికి పంపే వర్డ్ ఫైలుకి కాపీ తీసి, ఆ కాపీ మీద 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' నడపండి. కామెంట్లు, మార్పులు, రచయిత పేరు, దాచిన పాఠం అన్నీ చూపించి తీసేస్తుంది. తీసేశాక తిరిగి రావు, అందుకే కాపీ మీద అన్నది. గూగుల్ డాక్స్ నుంచి వర్డ్‌గా దింపినా సూచనలు, కామెంట్లు వెంట వస్తాయి, అక్కడ కూడా ఇదే పని.

నంబర్లు దాచాలంటే పైన నల్ల డబ్బా పెట్టి పీడీఎఫ్ చేయడం చాలదు. 2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ మాజీ ఎన్నికల ప్రచార సారథి పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టుకి వేసిన పత్రంలో నల్లగా కప్పిన భాగాలని ఎంచి కాపీ చేస్తే కింద ఉన్నదంతా వచ్చేసింది. లిబ్రే ఆఫీస్‌లో 'రిడాక్ట్' అని ఒక పనిముట్టు ఉంది, కప్పిన పేజీని బొమ్మగా మార్చి పీడీఎఫ్ ఇస్తుంది కాబట్టి కింద అక్షరాలు మిగలవు. ఈ ఒక్క పని కోసం దాన్ని నా కంప్యూటర్‌లో ఉంచుకున్నాను.

మరి మీకేది?

పుస్తకం అయితే వర్డ్, ఒకే ఫైలు, ఒకరి తర్వాత ఒకరు. ఫైలు ఎవరి దగ్గరుంటే వాళ్ళే దిద్దాలి, మిగతావాళ్ళు ముట్టుకోకూడదు. పంపేటప్పుడు పేరులో 'ఫైనల్' అన్న మాట వాడకుండా తేదీ, దిద్దినవాళ్ళ పేరు పెట్టండి. థీసిస్ అయితే మీ గైడు ఏది వాడతారో అదే వాడండి, ఇక్కడ మీ ఇష్టానికి పెద్దగా చోటు లేదు. గైడు కాగితం మీద దిద్దేవారైతే కంపేర్ మీకు ప్రాణం, పోయినసారి ఇచ్చిన కాపీకీ ఇప్పటిదానికీ తేడా తీసి పైన పెట్టి ఇస్తే ఆయనకి మళ్ళీ 200 పేజీలు చదివే పని తప్పుతుంది.

సావనీర్, సంఘం నియమావళి, పెళ్ళి పిలుపుల జాబితా లాంటివి గూగుల్ డాక్స్‌లో పెట్టండి, ఒకరిద్దరు ఎడిటర్లు, మిగతా అందరూ కామెంటర్లు. అత్తవారి వైపు జాబితాకి వేరే ఫైలు పెడితే ఇంకా ప్రశాంతం.

ఆస్తి వాటాలు, భాగస్వామ్య ఒప్పందాలు అయితే వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ లాక్ చేసి, ఫైలుకి నిజమైన తాళం వేసి పంపండి. అవతలి నుంచి తిరిగొచ్చిన ఫైలు ఎంత శుభ్రంగా కనిపించినా సరే మీరు పంపిన దానితో కంపేర్ చేయకుండా సంతకం దాకా వెళ్ళొద్దు. మనవాళ్ళేగా అని వదిలేసిన ఒకాయనకి 'సమానంగా' అన్న మాట ఎక్కడ మాయమైందో రిజిస్ట్రేషన్ ముందురోజు తెలిసింది.

మాస్టారి నవల విషయానికొస్తే, నలభై ఒక్క తేడాలున్న ఫైలు ఆయనకే పంపాను, చివరి మాట ఆయనదే అని వాళ్ళమ్మాయికి ముందే ఫోన్ చేసి చెప్పి. పది రోజులకి తిరిగొచ్చింది. ముప్ఫై ఎనిమిది ఒప్పుకున్నారు, రెండు కొట్టేశారు. సుభద్ర ఉత్తరం దగ్గర మాత్రం ఒప్పుకోలేదు, కొట్టేయలేదు, పక్కన కామెంట్ పెట్టారు: 'చివరి రెండు వాక్యాలు తీసేసి ఉంచండమ్మా. మా అమ్మాయికి నేను చెప్తాలే.'